ముసుగు కింద మా నాన్న

మా ఊరి సెంటర్లో ఉన్న మా నాన్న విగ్రహానికి ముసుగు తీసింది గాలి కాదు. ఈ మాట నేను నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను, ఎవరూ చెవిన పెట్టరు. మొన్న రోడ్డు వెడల్పు చేస్తున్నారు, విగ్రహాన్ని ఇరవై అడుగులు వెనక్కి జరుపుతున్నారు, ఇంటివాళ్లు ఒకరైనా ఉండాలి రమ్మంటే నరసరావుపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. క్రేను వచ్చేలోపు ఖాళీగా ఎందుకని ఊరి సర్పంచి మైకు పట్టుకున్నాడు. ఈ మహానుభావుడి విగ్రహాన్ని ఆవిష్కరించింది ఏ మంత్రీ కాదు, సాక్షాత్తూ వాయుదేవుడే అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ సర్పంచి అప్పటికి పుట్టనైనా లేదు. వాయుదేవుడి దగ్గర కొడవలి కూడా ఉంటుందా అబ్బాయ్ అని కింద నుంచే అడిగాను. మేడంగారు కాలేజీలో పాఠాలు చెప్పీ చెప్పీ దేవుడికి కూడా ప్రశ్నాపత్రం ఇస్తారని వాడు నవ్వాడు, వాడితోపాటు జనమూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే అప్పటికే క్రేను వాళ్లు విగ్రహానికి రంగు గీసుకుపోకుండా ఒక నీలం పట్ట చుట్టి, తాడు బిగిస్తున్నారు. పట్ట కిందికి మా నాన్న మొహం పోయింది. పక్కనే ఉన్న మందుల షాపు మెట్ల మీద కూలబడ్డాను.

యాభై దాటిన మనిషిని, ఇరవై ఆరేళ్లు ఎకనామిక్స్ చెప్పినదాన్ని, పట్ట చుట్టిన సిమెంటు బొమ్మను చూసి భయపడ్డానంటే మీరూ నవ్వుతారు. నవ్వండి. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే రెండు బజార్ల వాళ్లూ నా మీదికే వస్తారు; నా మీదికి రావడానికైనా ఒకటవుతారేమోగానీ, ఆ పుణ్యం నాకొద్దు. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో ఎక్కడో ఉందనుకోండి.

మా నాన్న వీరుడు కాదు. మిరప వేసేవాడు, పొగాకు వాసనొచ్చే తువ్వాలు భుజాన వేసుకునేవాడు, నలుగురు కలిసి ముందుకు తోస్తే వెనక్కి రావడం చేతగాని మొహమాటస్తుడు. ఎవరిదో కొట్లాట కేసులో సాక్ష్యం చెప్పడానికి గురజాల కోర్టుకు పోయి, వాయిదా పడితే తిరిగొస్తుంటే దారి కాచి చంపారు. అవతలి బజారు సాంబయ్య మామ మనుషులన్నారు. సాంబయ్య మామ మాకు చుట్టం కాదు. మా ఊళ్లో చుట్టం కాకపోయినా అందరూ మామలూ బాబాయిలే. ముంజలు దింపించినప్పుడల్లా లేతవి ఏరి నా చేతిలో పెట్టేవాడాయన. నాన్న పోయిన వారానికి నా నోటి నుంచి అలవాటుగా సాంబయ్య మామ అని వస్తే నాయనమ్మ నా మూతి మీద కొట్టింది. కొట్టింది సరే, ఆయన్ను ఇంకేమని పిలవాలో మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత కూడా మా ఇంట్లో ఆయన్ను తిట్టేటప్పుడు సైతం అందరూ 'ఆ సాంబయ్య మామ' అనే తిట్టేవాళ్లు.

సంవత్సరీకం నాటికి మా బాబాయి, అంటే నాన్న సొంత తమ్ముడు, తెనాలి నుంచి లారీలో ఎనిమిదడుగుల విగ్రహం తెప్పించాడు. గడ్డి, గోనెపట్టా కప్పి వచ్చింది. గడ్డి పీకి తెల్లగుడ్డ చుట్టేదాకా అంతా పరదాల చాటునే జరిగింది కాబట్టి లోపల ఎట్లా ఉందో ఊళ్లో ఎవరూ చూడలేదు. సెంటర్లో మనిషి ఛాతీ ఎత్తు దిమ్మె కట్టి, దాని మీద నిలబెట్టి, బండి పగ్గంతో మెడ దగ్గర, నడుము దగ్గర, కాళ్ల దగ్గర ముడులు వేశారు. మామూలుగా ఎవరో నాయకుడొచ్చి తాడు లాగుతాడు, కొబ్బరికాయ కొడతారు, అయిపోతుంది. బాబాయి ఆ రోజు అందరి ముందూ దిమ్మె మీద చెయ్యేసి అన్నాడు, "ఈ ముసుగు ఏ నాయకుడూ తియ్యడు. మా కోటేశే తీస్తాడు. ఆ పని అయినాక."

ఆ పని అంటే ఏందని ఒక్కరూ అడగలేదు. కోటేశు మా అన్న. అప్పుడు పదో తరగతి. మీసం కూడా రాలేదు.

ఊరు ఏం నమ్ముతుందో తెలుసుకోవాలంటే గుళ్లు చూడనక్కర్లేదు, సెంటర్లో ఏం నిలబెట్టుకుందో చూస్తే చాలు. మా పల్నాటిలో కారెంపూడి వీరుల గుడికి పోతే అక్కడ పూజలందుకునేవి ఆయుధాలు. వాటికి బొట్టుపెట్టి, స్నానం చేయించి, దండం పెట్టే జనం మేము. మా వైపు చచ్చినవాడు దేవుడవుతాడు, కాకపోతే ఇంకొకడి చేతిలో చావాలి. జ్వరమొచ్చి పోయినవాడికి గోడ మీద ఫోటో, ప్లాస్టిక్ దండ, అంతే. మా బడికి ప్రహరీ గోడ లేదు, గేదెలు క్లాసులోకి వచ్చేవి. మా నాన్న దిమ్మె చుట్టూ మాత్రం ఇనుప కంచె.

నాయనమ్మ పొద్దున్నే స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, కుండలోంచి తీసిన మొదటి గరిటె అన్నంలో పప్పు, నెయ్యి వేసి కలిపి, ఆకులో పెట్టుకుని విగ్రహం దగ్గరికి పోయేది. కంచె సందులోంచి దిమ్మె మీద పెట్టి, చానాసేపు మాట్లాడేది. ఆ ముద్ద కాకులు తిన్నాకే మా ఇంట్లో ఎవరికైనా కంచం. కోటేశుకు వడ్డించేటప్పుడు ఒక మాట కూడా వడ్డించేది. వాడు ముద్ద నోట్లో పెట్టుకోబోయే సమయం చూసి మరీ వేసేది ఆ మాట. వాడు సగం తిని పెరట్లోకి పోయి కక్కుకునేవాడు. అమ్మ బూడిద తెచ్చి దాని మీద పోసి, ఏమీ మాట్లాడకుండా మళ్లీ వచ్చి మిరపకాయల తొడిమలు తీసుకుంటూ కూర్చునేది. కాయలు గిల్లీ గిల్లీ ఆమె వేళ్లు మండుతుంటే మజ్జిగ గిన్నెలో ముంచి ఉంచేది. మా ఇల్లంతా ఆ రెండేళ్లూ ఎండుమిరప ఘాటూ పులిసిన మజ్జిగ వాసనే. మాట్లాడితే దగ్గు వచ్చేది. అందుకని మాట్లాడలేదేమో అని ఇప్పుడనుకుంటాను, కానీ కాదు. భయం వల్ల మాట్లాడలేదు.

బడికి పోవాలంటే నేను సెంటర్ దాటాలి. గాలి లేనప్పుడు ముసుగు ముడతలు పడి కిందికి వేలాడేది. గాలి వచ్చినప్పుడు ఛాతీ దగ్గర ఉబ్బేది, మళ్లీ తగ్గేది, మళ్లీ ఉబ్బేది. లోపల ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నట్టు. పగ్గం కిర్రుమనేది. నేను పుస్తకాల సంచి తల మీద పెట్టుకుని పరిగెత్తేదాన్ని. ఒకరోజు అమ్మతో, నాకు బడి వద్దు, నాన్నంటే భయమేస్తంది అన్నాను. అమ్మ మొహం ఎట్లా అయిపోయిందో నాకు గుర్తుంది. "నాన్నే కదే" అంది, అంతే. నాన్నే అని నాకూ తెలుసు. కానీ రాను రాను ఇంకో సంగతి జరిగింది. కళ్లు మూసుకుని నాన్న మొహం గుర్తు తెచ్చుకుందామంటే తెల్లగుడ్డ వచ్చేది. పొగాకు వాసన గుర్తుంది, తువ్వాలు గుర్తుంది, మొహం ఉండాల్సిన చోట ముడి వేసిన గుడ్డ. పదకొండేళ్ల పిల్లకు కన్నతండ్రి మొహాన్ని మరిచిపోయేట్టు చేసి, దాన్ని స్మారకం అన్నారు మా వాళ్లు.

రెండో ఏడు వానాకాలంలో ఒక జడివాన పట్టింది. తడిసిన గుడ్డ విగ్రహానికి అతుక్కుపోయి లోపలి ఆకారం బయటపడింది. మొహం తెలియలేదు గానీ ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగి, ఛాతీకి ఆనించి, ఏదో పట్టుకున్నట్టుగా ఉంది. మామూలుగా మా వైపు విగ్రహాలన్నీ కుడిచేత్తో వేలు చూపిస్తుంటాయి. ఇదేంది ఇట్టా ఉందనుకున్నారు జనం. సాయంత్రానికి రెండు బజార్లలోనూ తేలిన సంగతి ఏమిటంటే, ఆ చేతిలో గొడ్డలి ఉందని. అన్న చేతిలో గొడ్డలి పెట్టించి మరీ చేయించాడు తమ్ముడు, అందుకే ముసుగు తియ్యట్లేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరూ కాదనలేదు. బాబాయిని అడిగితే మీసం కింద నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు నాయనమ్మ అన్నం వడ్డిస్తూ, "నీ అయ్య గొడ్డలి చంకలో పెట్టుకుని నీకోసం చూస్తన్నాడ్రా. నువ్వేమో ఈడ పప్పన్నం తింటన్నావు" అంది.

ఆ పుకారుతో ఊరు రెండు ముక్కలైంది. అవతలి బజారు పిల్లలు సెంటర్ మీదుగా బడికి రావడం మానేసి చేలగట్ల వెంట చుట్టు తిరిగి రాసాగారు. సాంబయ్య మామ చుట్టూ ఎప్పుడూ నలుగురు మనుషులు. మా గడ్డివాములో ఏవో దాచారని, దాని దగ్గర ఆడుకోవద్దని మమ్మల్ని అదిలించేవాళ్లు. కోటేశు అప్పటికి మాచర్లలో ఇంటర్ చదువుతున్నాడు. పరీక్షలు అయిపోయి ఇంటికొచ్చిన రోజే బాబాయి వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఈసారి కళ్లం లేచాక అన్నాడు. అంటే కళ్లంలో ఎండుతున్న మిరపకాయలు బస్తాలకెక్కి గుంటూరు యార్డుకు పోయాక. మహా అయితే పది రోజులు. ఆ సాయంత్రం దొడ్లో వాడు నాతో అన్నాడు, "నాకు కోడిని కొయ్యాలన్నా కళ్లు తిరుగుతాయే." మన ఇద్దరం ఎటన్నా పోదామా అన్నాను. ఎటు పోయినా నాన్న సెంటర్లోనే ఉంటాడుగా అన్నాడు వాడు. చంపితే జైలు, చంపలేకపోతే చావు. నేను పది వరకూ లెక్కపెట్టుకుంటూ, రోజుకో వేలు మడిచాను.

ఏడో రోజు మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. మా వైపు మిరప కళ్లాల్లో ఉన్న రోజుల్లో గాలీ మబ్బూ కనపడితే ఒక కట్టుబాటుంది. ఎవరు రాశారో తెలియదు, ఎవరూ తప్పరు. పగలూ ప్రతీకారాలూ పక్కనపెట్టి రెండు బజార్ల జనం పట్టలు తీసుకుని కళ్లాల దగ్గరికి పరిగెత్తాలి, ఎవరి రాశి దొరికితే దాని మీద కప్పాలి. కాయ తడిస్తే ఏడాది పోయినట్టే. ఊళ్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ మిగలరు. నేనూ కోటేశూ పట్ట కొసలు పట్టుకుని పరిగెత్తాం. మీరు పదండి, వస్తన్నా అంది అమ్మ. వెనక్కి తిరిగి చూస్తే చూరులోంచి కొడవలి లాగుతోంది. తాళ్లు కోయడానికేమో అనుకున్నాను. తాళ్లు కోయడానికే.

ఎర్రమట్టి లేచి పక్కమనిషి కనపడలేదు. ఎండుమిరప పొట్టు కళ్లలో పడి అందరం ఏడుస్తూ, దగ్గుతూ, పట్టల మీద రాళ్లు పెడుతున్నాం. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూసేవాళ్లు లేరు. బాబాయి మా రాశి దగ్గర లేడు, పై కళ్లానికి పోయి ఉంటాడనుకున్నాం. చివరికి నాలుగు చినుకులు రాలి గాలి ఆగింది. ఊళ్లోకి తిరిగొస్తే సెంటర్లో ముసుగు దిమ్మె కింద కుప్పగా పడి ఉంది. దిమ్మె మీద మా నాన్న నవ్వుతున్నాడు.

నవ్వు అంటే పళ్లు కనపడే నవ్వు కాదు. మొహమాటపు నవ్వు, ఫోటో తీసేవాడు తల ఎత్తమంటే వచ్చే నవ్వు. నేను మరిచిపోయిన మొహం అదే. ఎడమచెయ్యి వంగి ఉంది, అరచెయ్యి పైకి తిరిగి ఉంది, అందులో ఏమీ లేదు. గొడ్డలి లేదు, కర్ర లేదు, కాయితం ముక్క కూడా లేదు. ఊరంతా ఆ ఖాళీ చేతినే చూస్తూ నిలబడింది. ముందుగా నోరు తెరిచింది అవతలి వైపు నిలబడ్డ సాంబయ్య మామ. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, ఎవరితోనూ కానట్టు, "ఎంత గాలి కొట్టిందిరా నాయనా" అన్నాడు. రెండేళ్లలో ఆ సెంటర్లో ఆయన మాట మేము వినడం అదే మొదటిసారి. బాబాయి వంగి పగ్గం చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. దాని కొసలు నేను చూశాను. తెగిన తాడు పీచు పీచుగా ఉంటుంది, కోసిన తాడు నున్నగా ఉంటుంది. ఇంటికి తెచ్చి ఎవరితోనూ చెప్పకుండా పొయ్యిలో పెట్టాడు. నాయనమ్మ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, కొడుకు మొహంలోకి చానాసేపు చూసి, అందరికీ వినపడేట్టు అంది, "వాడే తీసుకున్నాడు. వాడికిక ఎవరి చెయ్యీ అక్కర్లా." కోటేశు నడిరోడ్డు మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. ఎవరూ వాణ్ని లేపలేదు. తీయాల్సిన ముసుగే లేనప్పుడు దానికి ముందు చేయాల్సిన పనీ లేదు. గాలి అనే మాట అందరి నోళ్లలోనూ ఒకేసారి కుదురుకుంది.

ఇంటికొస్తే అమ్మ బియ్యం కడుగుతోంది. జుట్టంతా ఎర్రమట్టి. కొడవలి చూరులో ఉంది. ఏం చేశావే అమ్మా అంటే పట్టలు కప్పి వచ్చానంది. నేను వదల్లేదు, నేను వదిలే రకాన్ని కాదని మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఆ చెయ్యి ఎందుకు అట్టా ఉందమ్మా అని అడిగాను. అమ్మ ట్రంకుపెట్టె తెరిచి ఒక ఫోటో తీసింది. నాకు చెవులు కుట్టించిన రోజు. ఏడుస్తున్న నన్ను ఎడమచేత్తో ఛాతీకి ఆనించి ఎత్తుకుని నాన్న నిలబడ్డాడు. నాన్న నిలబడి ఉన్న ఫోటో ఇంట్లో అదొక్కటేనట. బాబాయి పట్టుకుపోయి శిల్పికి ఇచ్చి, పిల్లను తీసేసి చెయ్యమన్నాడు. అతను పిల్లను తీసేశాడు, చెయ్యి అట్లాగే ఉంచాడు.

"గొడ్డలంట, గొడ్డలి" అంది అమ్మ. "నువ్వే అది."

కోటేశు బతికాడు. వినుకొండలో ట్రాక్టర్ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు, బీపీ ఉంది, మనవడున్నాడు, ఈ సంగతి ఎత్తితే లేచి లోపలికి పోతాడు. ఇప్పుడు మా సెంటర్లో ఐదు విగ్రహాలు. సాంబయ్య మామకీ ఒకటి పెట్టారు. ఆయన షుగరొచ్చి పోయాడు, అయినా పెట్టారు, అంటే ఈ మధ్య దేవుడవడం కాస్త సులువైందన్నమాట. ఏటేటా బంగారు రంగు వేస్తారు, ఏటేటా మా నాన్న మీసం ఒక అంగుళం పెరుగుతుంది. ఖాళీ చెయ్యిని మాత్రం ఎవరూ ఓర్చుకోలేరు. అందులో ఒకసారి వరికంకుల కట్ట, ఒకసారి జెండా, ఎవరికి తోచింది వాళ్లు దూరుస్తారు. ఎన్నికల కోడ్ వస్తే అధికారులే వచ్చి అన్ని విగ్రహాలకూ గుడ్డ చుట్టి పోతారు. పిల్లలు వాటి ముందు సెల్ఫీలు దిగుతారు. భయం లేదు వాళ్లకు, మంచిదే. కానీ ఆ నెల రోజులూ నేను ఊరికి పోను. అప్పుడు భయం ఒక తెల్లగుడ్డ కింద ఉండేది, అందరికీ కనపడేది. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు, అంతే తేడా.

మొన్న మందుల షాపు మెట్ల మీద నేను కూర్చుని ఉంటే మస్తాన్‌వలీ చాచా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు సెంటర్లో మైకుసెట్టు షాపు ఆయనదే, ఇప్పుడు కొడుకులు డీజేలు నడుపుతున్నారు. సర్పంచితో నా వాదన విన్నాడట. "గాలి కాదులే పాపా. నిచ్చెన నాదే" అన్నాడు. అమ్మ వచ్చి అడిగింది, ఇచ్చాడు, గాలికి హారన్లు ఎగిరిపోకుండా విప్పుకోవడానికి మిద్దె ఎక్కాడు. ఇన్నేళ్లుగా నేను అమ్మ దిమ్మె ఎక్కి కోసిందనే అనుకుంటున్నాను. ఊరందరికీ ప్రశ్నలు వేసేదాన్ని, అయిదడుగులు కూడా లేని మనిషికి మెడ దగ్గర ముడి ఎట్లా అందిందని నాకు నేను వేసుకోలేదు. అంత గాలిలో ఒక్కతే నిచ్చెన ఎట్లా ఎక్కింది చాచా అని అడిగాను.

"ఒక్కతి కాదు. కింద ఇంకోళ్లు పట్టుకున్నారు."

"ఎవరు? ఆడా, మగా?"

"దుమ్ములో మొహం కనపళ్లా. తెల్లబట్ట. పంచంటే పంచ, చీరంటే చీర."

అమ్మ పోయి రెండేళ్లు. బతికున్నప్పుడు నాకు చెప్పింది పట్టలు కప్పానన్న ఒక్క మాటే. మా ఊళ్లో ఆ రోజుల్లో తెల్లచీర కట్టి ఆ సెంటర్‌కు రోజూ వచ్చింది నాయనమ్మ. మనవడి కంచంలో గొడ్డలి వడ్డించిన మనిషి. మడత నలగని తెల్లపంచ బాబాయిది. సాంబయ్య మామదీ అదే. ఊరు మొత్తం మీద ఆ పని అయ్యేదాకా ముసుగు అలాగే ఉండాలని కోరుకున్నారనో, అది తీసే రోజు వస్తే చస్తాడనో మనం అనుకునే ముగ్గురూ తెల్లబట్టల వాళ్లే. బాబాయి ఒక్కడే మిగిలాడు. పక్షవాతం వచ్చి మంచాన ఉన్నాడు, మాట బాగానే వస్తుంది. అదే రోజు పోయి అడిగాను. నా చెయ్యి పట్టుకుని, "గాలేనమ్మా" అని గోడవైపు తిరిగాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

నాకిప్పటికీ కావలసింది ఒక్క జవాబే. అంత దుమ్ములో, అంత భయంలో మా అమ్మ కొడవలి పట్టుకుని పైకెక్కుతుంటే, నిచ్చెన కదలకుండా కింద పట్టుకున్నది ఎవరు?